ఫైలు ఒకటే – కంప్యూటర్లు మూడు రకాలు

(ఎం.సి.ఎ. చదువుతున్న పూర్వ విద్యార్థి)

సంచికకు ఏదైనా రాయమన్నారు. కవితలు రాసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. అందుకని నేను చదువుకుంటున్న దాంట్లోంచే మీకు అక్కరకొచ్చే ఒక విషయం రాస్తున్నాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఫైళ్ళను ఎలా దాస్తుంది, ఎలా చదువుతుంది, విండోస్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రాము లైనక్స్‌లోనో, మ్యాక్‌లోనో ఎందుకు తేడా చేస్తుంది అన్నది ఆ విషయం.

ఇది ఎందుకు ముఖ్యమంటే, కూడికలు, తీసివేతలు, లూపులు దాకా హుషారుగా వచ్చిన తమ్ముళ్ళు ఫైళ్ళ పాఠం దగ్గర ఆగిపోవడం చూస్తున్నాను. అందులోనూ తెలుగులో పేర్లు రాయబోయినవాళ్ళు. తెరమీద ఎర్ర అక్షరాలతో "చార్‌మ్యాప్ కోడెక్" అంటూ ఒక సందేశం వస్తుంది. అది చూసి "నా బుర్రకు ఎక్కదులే" అనుకుంటారు. ఇంజనీర్ల ఇళ్ళలో పిల్లలైతే సాయంత్రం వాళ్ళ నాన్ననో అక్కనో అడుగుతారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినది నేనే మొదలు. మీలో చాలామంది పరిస్థితీ అదే. అడగడానికి ఎవరూ లేనప్పుడు తప్పు మనదే అనిపించడం సహజం. కాని ఆ సందేశంలో మీ బుర్ర గురించి ఒక్క ముక్కా ఉండదు. అందులో ఉన్నది ఎప్పుడో అమెరికాలో, యూరప్ అక్షరాల కోసం తయారైన ఒక పట్టిక గురించి.

ముందుగా ఒక మాట. ప్రోగ్రామును ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. నేనిక్కడ ఆదేశాలను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను, అంతే.

ఉదాహరణకు మన పూర్వ విద్యార్థుల పట్టిక తయారు చేస్తున్నామనుకోండి. పేరు, ఊరు, చదివిన సంవత్సరం. టైపు చేసేది ల్యాబులోని విండోస్ కంప్యూటర్‌లో. సరిచూసేది ఒక మిత్రుడి లైనక్స్ ల్యాప్‌టాప్‌లో. చివరికి పేజీలు దిద్దే ఆయన దగ్గర మ్యాక్ ఉంది. పెన్‌డ్రైవు ఒకటే, ఫైలు ఒకటే.

ఫైలు అంటే నిజానికి అక్షరాలు కావు. వరసగా పేర్చిన అంకెలు. ఒక్కొక్కటి 0 నుంచి 255 లోపు ఉంటుంది. దాన్నే బైట్ అంటారు. ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టికను ఎన్‌కోడింగ్ అంటారు. ఆ పట్టిక ఏదన్నది ఫైలులో ఎక్కడా రాసి ఉండదు. చదివేవాడికి ముందే తెలిసి ఉండాలి. గొడవలన్నీ ఇక్కడి నుంచే మొదలు.

పైథాన్‌ను గీడో వాన్ రోసమ్ అనే డచ్ ప్రోగ్రామర్ 1991లో మొదటిసారి విడుదల చేశారు. భాషతోపాటే ఉచితంగా వచ్చే సామగ్రిని స్టాండర్డ్ లైబ్రరీ అంటారు. విడిగా ఏదీ డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు, ల్యాబులో నెట్ లేకపోయినా ఉంటుంది. మనం "ఓపెన్" అంటాం. ఆ మాటను విండోస్‌కు విండోస్ పద్ధతిలో, లైనక్స్‌కు లైనక్స్ పద్ధతిలో ఈ లైబ్రరీ అందజేస్తుంది. నూటికి తొంభై పాళ్ళు తేడాలను కనబడనీయదు. మిగతా పది పాళ్ళే మనం తెలుసుకోవాలి.

2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 అక్షరాలను, బైట్‌లను పూర్తిగా వేరు చేసింది. మీరు "గన్నవరం" అని రాస్తే ప్రోగ్రాము లోపల అవి యూనికోడ్ అక్షరాలు. తెలుగు 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే ఉంది. ఫైలులోకి వెళ్ళేటప్పుడు మాత్రం వాటిని బైట్‌లుగా మార్చాలి. దానికి ఇప్పుడు ప్రపంచమంతా వాడే పద్ధతి యూటీఎఫ్-8. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు 1992లో న్యూజెర్సీలో ఒక భోజనశాలలో కూర్చుని, కంచం కింద వేసే కాగితం మీద దీన్ని గీశారు. ఇందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైట్ చాలు, తెలుగుకు మూడు కావాలి. గ అంటే 224, 176, 151. పొల్లు అంటే 224, 177, 141. మన కంటికి "గన్నవరం" నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కు గ, న, పొల్లు, న, వ, ర, సున్న – మొత్తం ఏడు. అంటే ఫైలులో 21 బైట్‌లు. పైథాన్‌లో "లెన్" అని అడిగి చూడండి, 7 అనే చెబుతుంది.

లైనక్స్‌లో, మ్యాక్‌లో పట్టిక పేరు చెప్పకుండా "ఓపెన్" అంటే పైథాన్ మామూలుగా యూటీఎఫ్-8నే తీసుకుంటుంది. విండోస్‌లో మాత్రం ఆ కంప్యూటర్ సెట్టింగ్ ఏమిటా అని చూస్తుంది. మన దగ్గర సాధారణంగా ఇంగ్లీషు సెట్టింగే ఉంటుంది కాబట్టి అక్కడ దొరికేది 1252 నంబరు కోడ్ పేజీ. పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన పట్టిక అది. ఒక అక్షరానికి ఒకే బైట్, కాబట్టి మొత్తం 256 గడులే. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ అక్షరాలకు అవి సరిపోయాయి. తెలుగుకు అందులో ఒక్క గడి కూడా లేదు. అందుకే తెలుగు పేరు రాయబోతే "ఈ అక్షరం నా పట్టికలో లేదు" అని ప్రోగ్రాము ఆగిపోతుంది.

చదివేటప్పుడు జరిగేది ఇంకా చిత్రంగా ఉంటుంది. లైనక్స్‌లో యూటీఎఫ్-8లో రాసిన ఫైలును విండోస్‌లో పట్టిక చెప్పకుండా తెరిచారనుకోండి. మొదటి మాట "విజయవాడ" అయితే ఏ తప్పూ చూపించదు. కాని నెత్తిన గీత ఉన్న ఫ్రెంచి అక్షరం, దాని పక్కన డిగ్రీ సున్న, మళ్ళీ అదే అక్షరం, మళ్ళీ సున్న – ఇలా చెత్త వస్తుంది. మొదటి మాట "గన్నవరం" అయితే చెత్త కూడా రాదు, ప్రోగ్రాము నిలిచిపోతుంది. ఎందుకిలా?

1252 పట్టికలో అయిదు గడులు ఖాళీ. అవి 129, 141, 143, 144, 157. మన లిపిలో ఉకారపు కొమ్ము చివరి బైట్ 129. పొల్లు చివరి బైట్ 141. ఏ అక్షరానిది 143, ఐది 144, ఝది 157. ఒత్తు ఉన్న ప్రతి మాటలోనూ లోపల పొల్లు ఉంటుంది. కాబట్టి రమణ, రాణి, మేరీ అన్న పేర్లు చెత్తగానైనా లోపలికి వస్తాయి. లక్ష్మి, దుర్గ, ఏసు అన్న పేర్ల దగ్గర ప్రోగ్రాము కూలిపోతుంది. "గన్నవరం"తో మొదలయ్యే ఫైలుకు వచ్చే సందేశాన్ని ఒకసారి నిదానంగా చదవండి. 8వ స్థానంలో ఫలానా బైట్ అర్థం కాలేదు అంటుంది. సున్న నుంచి లెక్కపెడితే గకు 0, 1, 2, నకు 3, 4, 5, పొల్లుకు 6, 7, 8. ఆ ఎనిమిదోదే 141. (సందేశంలో దాన్ని హెక్సాడెసిమల్ అంకెల్లో చూపిస్తుంది.) అంటే ఎర్ర అక్షరాలను భయపడకుండా చదివితే, న కింద ఉన్న న ఒత్తు దగ్గర ఆగానని అది మనకు వేలుపెట్టి చూపిస్తోంది.

మందు చాలా చిన్నది. తెరిచినప్పుడల్లా "ఎన్‌కోడింగ్ ఈక్వల్స్ యూటీఎఫ్-8" అని రాయండి. చదివేటప్పుడూ, రాసేటప్పుడూ. లైనక్స్‌లో అవసరం లేకపోయినా రాయండి. రేపు ఆ ప్రోగ్రాము ఎవరి కంప్యూటర్‌లో నడుస్తుందో మనకు తెలియదు కదా. ఇక నుంచి అన్నిచోట్లా యూటీఎఫ్-8నే సహజంగా తీసుకోవాలని పైథాన్ వాళ్ళు 2022లోనే తీర్మానించుకున్నారు. 3.15 వెర్షన్‌తో అది అమలు అన్నారు. కాని ల్యాబుల్లో వెర్షన్లు మారడం ఎంత ఆలస్యమో మీకు నేను చెప్పాలా? పాత వెర్షన్ అయినా 3.7 గాని ఆ పైది గాని ఉంటే "పైథాన్‌యూటీఎఫ్8" అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 విలువ ఇస్తే చాలు, విండోస్‌లో కూడా యూటీఎఫ్-8 వస్తుంది.

ఇక్కడ ఒక దుర్మార్గపు చిట్కా ఉంది, దానికి దూరంగా ఉండండి. తప్పు రాకుండా చేయడానికి "ఎర్రర్స్ ఈక్వల్స్ రిప్లేస్" అనో "ఇగ్నోర్" అనో పెట్టమని కొందరు సలహా ఇస్తారు. నిజమే, ఎర్ర అక్షరాలు పోతాయి. 1252 పట్టికతో రాసేటప్పుడు "రిప్లేస్" పెడితే ప్రతి తెలుగు అక్షరం స్థానంలో ఒక ప్రశ్నార్థకం ఫైలులోకి వెళుతుంది. చెత్తగా కనిపించిన విజయవాడను సరైన పట్టికతో మళ్ళీ తెరిస్తే విజయవాడే వస్తుంది, ఎందుకంటే బైట్‌లు చెక్కుచెదరలేదు. ప్రశ్నార్థకాలుగా మారిన లక్ష్మిని ఎవరూ తిరిగి తేలేరు. వందమంది పేర్లున్న పట్టికలో అది జరిగిందంటే ఆ వందమందీ పోయినట్టే. ఆగిపోయే ప్రోగ్రామే మేలు.

ఎక్సెల్ వాడేవాళ్ళకు ఒక మాట. యూటీఎఫ్-8లో రాసిన సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్ తెలుగును గుర్తుపట్టకపోవచ్చు. ఫైలు మొదట్లో 239, 187, 191 అనే మూడు బైట్‌ల గుర్తు ఉంటే గుర్తుపడుతుంది. పైథాన్‌లో ఎన్‌కోడింగ్ పేరును "యూటీఎఫ్-8-సిగ్" అని ఇస్తే ఆ గుర్తును లైబ్రరీయే పెడుతుంది, చదివేటప్పుడు తనే తీసేస్తుంది.

సీఎస్‌వీలో ఇంకో తలనొప్పి: విండోస్‌లో వరసకూ వరసకూ మధ్య ఖాళీ వరస. దీని కథ టైపు మిషన్ దగ్గర మొదలవుతుంది. విజయవాడలో టైపు ఇనిస్టిట్యూట్‌కు వెళ్ళి లోయరు, హయ్యరు పాసైన అన్నలకు బాగా తెలుసు. వరస అయిపోగానే ఎడమచేతి మీట లాగితే రెండు పనులు జరుగుతాయి – కాగితం ఒక గీత పైకి జరుగుతుంది, క్యారేజి మొదటికి వస్తుంది. టెలిప్రింటర్‌లో ఆ రెండు పనులకూ రెండు వేర్వేరు అంకెలు పెట్టారు. క్యారేజి వెనక్కి రావడానికి 13, గీత మారడానికి 10. యూనిక్స్ వాళ్ళు 10 ఒక్కటే చాలన్నారు, లైనక్స్‌ది ఆ దారే. డాస్, దాని వెనుక విండోస్ 13, 10 రెండూ ఉంచుకున్నాయి. పాత మ్యాక్‌లు 13 ఒక్కటే వాడేవి. 2001లో మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చాక వాళ్ళూ యూనిక్స్ దారి పట్టారు.

పైథాన్ చదివేటప్పుడు ఈ మూడింటిని ఒకటే చేసి మనకిస్తుంది. రాసేటప్పుడు ఆ కంప్యూటర్‌కు తగినట్టు మారుస్తుంది. అయితే సీఎస్‌వీ మాడ్యూలు తన వంతుగా ముందే 13, 10 రాస్తుంది. విండోస్‌లో "ఓపెన్" ఆ 10ని చూసి మళ్ళీ 13, 10గా మారుస్తుంది. అప్పుడు 13, 13, 10 అవుతుంది. ఆ అదనపు 13 వల్లే ఖాళీ వరస. లైబ్రరీలోని రెండు భాగాలు ఒకే పనిని చెరోసారి చేశాయన్నమాట. సీఎస్‌వీ కోసం తెరిచేటప్పుడు "న్యూలైన్" దగ్గర ఖాళీ కొటేషన్ గుర్తులు పెడితే "ఓపెన్" ఆ పని మానుకుంటుంది.

ఫోల్డర్ల మధ్య గీత సంగతి త్వరగా చెప్పేస్తాను. డాస్ మొదటి కూర్పులో అసలు ఫోల్డర్లే లేవు. 1983లో 2.0తో అవి వచ్చేసరికి ముందుకు వాలిన గీతను వేరే పనికి వాడేసుకున్నారు, అందుకని వెనక్కి వాలిన గీతను తీసుకున్నారు. పైథాన్‌లో ఆ వెనక్కి వాలిన గీతకు వేరే అర్థం ఉంది. దాని పక్కన చిన్న టీ వస్తే ట్యాబ్, ఎన్ వస్తే కొత్త వరస. మీ ఫోల్డర్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో "తెలుగు" అయితే మొదటి అక్షరం టీయే కదా, దారి మధ్యలో ట్యాబ్ పడి ఫైలు దొరకదంటుంది. 2014లో పైథాన్ 3.4తో వచ్చిన "పాత్‌లిబ్" వాడండి. ఏ గీత పెట్టాలో అది చూసుకుంటుంది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాను విండోస్ సాధారణంగా పట్టించుకోదు, లైనక్స్ పట్టించుకుంటుంది. ఫైలు పేర్లను తెలుగులో పెడితే ఆ బాధే లేదు, మన లిపిలో పెద్దబడి చిన్నబడి లేవు!

అలాగని తెలుగు పేర్లకు వాటి బాధలు లేకపోలేదు. లైనక్స్‌లో వాడే ఫైల్ సిస్టమ్‌లలో ఒక ఫైలు పేరు 255 బైట్‌లు దాటకూడదు. అక్షరానికి మూడు చొప్పున తెలుగులో 85 గుర్తులకు సరి. విండోస్ బైట్‌లను కాకుండా గుర్తులను లెక్కబెడుతుంది, కాబట్టి అక్కడ ఇంకా పొడుగు పేరు పడుతుంది. అక్కడ పెట్టిన వంద గుర్తుల పేరును లైనక్స్‌లోకి కాపీ చేయబోతే పేరు మరీ పొడుగైందని తిరగ్గొడుతుంది. చిన్న పేర్లు పెట్టండి.

అన్నింటికంటే నాకు ఆశ్చర్యం కలిగించింది ఐత్వం సంగతి. ఊరివారీగా పట్టికలు చేసి మైలవరం, కైకలూరు అని ఫైళ్ళకు పేర్లు పెట్టామనుకోండి. చిన్నప్పుడు మనకు ఐత్వం ఎలా నేర్పారు? ముందు ఎత్వం, తరువాత కింద ఒక వంకర. యూనికోడ్‌లో కూడా ఐత్వాన్ని రెండు రకాలుగా రాయవచ్చు. మొత్తం ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, కింది వంకర అని రెండు గుర్తులుగా. రెండూ సమానమేనని యూనికోడ్ శాసనం. కంటికి ఏ తేడా ఉండదు. కాని మొదటి రకంలో "మైలవరం" 6 గుర్తులు, 18 బైట్‌లు. రెండో రకంలో 7 గుర్తులు, 21 బైట్‌లు.

మన కీబోర్డులు సాధారణంగా మొదటి రకాన్నే ఇస్తాయి. విండోస్, లైనక్స్ పేరును ఎలా ఇస్తే అలాగే దాచిపెడతాయి. మ్యాక్‌లలో 1998 నుంచి వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే పద్ధతి మాత్రం ప్రతి పేరునూ విడదీసి రెండో రకంలో దాచేది. 2017లో దాని స్థానంలో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ ఇచ్చిన పేరును మార్చదు. రెండు రకాలనూ ఒకే పేరుగా గుర్తుపడుతుంది. అయితే పాత మ్యాక్‌లో చుట్టిన జిప్ ఫైలును లైనక్స్‌లో విప్పితే ఆ విడదీసిన పేరే వస్తుంది. అప్పుడు మీరు "మైలవరం" తెరవమంటే పైథాన్ ఫైలు లేదంటుంది. ఫోల్డర్ తెరిచి చూస్తే మైలవరం కళ్ళ ముందే ఉంటుంది! ఇంకా ఘోరం, ఒకే ఫోల్డర్‌లో రెండు మైలవరాలు పక్కపక్కన ఉండగలవు. గన్నవరానికి, నూజివీడుకు ఈ ఇబ్బంది లేదు, ఐత్వం లేదు కాబట్టి. పైథాన్‌కు ఉంది – "పైథాన్" అన్న మాట తెలుగులో ఐత్వంతోనే మొదలవుతుంది.

దీనికీ లైబ్రరీలో మందుంది, కాని అడిగితేనే ఇస్తుంది. "యూనికోడ్‌డేటా" మాడ్యూలులో "నార్మలైజ్" అని ఉంది. దానికి "ఎన్‌ఎఫ్‌సీ" అని చెబితే విడిపోయిన ఐత్వాన్ని కలిపి ఇస్తుంది. రెండు పేర్లను పోల్చే ముందు రెండింటినీ దాని గుండా పంపాలి. లైబ్రరీ తనంతట తాను ఎందుకు చేయదు అంటే, పేరు మార్చే హక్కు దానికి లేదు. ఫోల్డర్‌లో ఉన్న పేరు ఏదో అదే మనకివ్వాలి. ఇది సబబే అని నా అభిప్రాయం. మన పేరు స్పెల్లింగ్ మనల్ని అడగకుండా దిద్దేసిన రికార్డుల వల్ల ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో స్కాలర్‌షిప్ ఫారాలు నింపిన ప్రతివాడికీ తెలుసు.

ఇక కరెంటు సంగతి. ఫైలును "డబ్ల్యు" అని తెరిచిన క్షణంలోనే అందులో ఉన్నదంతా ఖాళీ అవుతుంది, మీరింకా ఒక్క అక్షరం రాయకముందే. అప్పుడే కరెంటు పోతే పాత పట్టికా ఉండదు, కొత్తదీ ఉండదు. కాబట్టి మొదట వేరే పేరుతో, అదే ఫోల్డర్‌లో మొత్తం రాయండి. "ఫ్లష్", దాని వెనుక "ఓఎస్ డాట్ ఎఫ్‌సింక్" ఇస్తే బైట్‌లు డిస్కు మీదికి చేరతాయి. ఫైలు మూసి, అప్పుడు "ఓఎస్ డాట్ రిప్లేస్"తో దాన్ని పాత పేరు మీదికి మార్చండి. "రీనేమ్" వాడితే లైనక్స్‌లో పని జరుగుతుంది, విండోస్‌లో ఆ పేరుతో ఫైలు ముందే ఉంది కుదరదంటుంది. ఈ తేడా పోగొట్టడానికే 2012లో పైథాన్ 3.3లో "రిప్లేస్" పెట్టారు. విండోస్‌లో ఆ పాత ఫైలు ఎక్సెల్‌లో తెరిచి ఉంటే మాత్రం అనుమతి లేదంటుంది. ఎక్సెల్ మూసి మళ్ళీ నడపండి.

చివరగా, లైబ్రరీ ఏమీ చేయలేని చోటు ఒకటుంది. విజయవాడ డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి తెలుగు పేజీలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫైళ్ళలో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు తదితర గుర్తుల గడుల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఫాంటు ఉంటేనే తెలుగు, తీసేస్తే గజిబిజి. పైథాన్‌కు తెలిసిన ఎన్‌కోడింగ్‌ల జాబితాలో అలాంటిది లేదు, ఉండదు కూడా, ఎందుకంటే అది ఎన్‌కోడింగే కాదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రాములు కొందరు విడిగా రాశారు. అవి వాడినా ఒత్తులూ గుణింతాలూ ఒక్కొక్కటి కంటితో సరిచూసుకోవలసిందే. మన హాస్టల్ పాత సంచికల్లో అలా ముద్రించినవి ఉన్నాయి. మనకంటే ముందు చదివినవాళ్ళ పేర్లు, వాళ్ళు రాసిన కవితలు వాటిలో ఉన్నాయి. కంప్యూటర్‌లో ఒక పేరు వెతుకుదామంటే దొరకదు. ఈ వేసవి సెలవుల్లో వాటిని యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయాలని నేనూ, మరో ఇద్దరమూ అనుకున్నాం. కలిసి వచ్చే తమ్ముళ్ళు పేజీకి ఒక ఫైలు చొప్పున, యూటీఎఫ్-8లో, ఫైలు పేరులో సంవత్సరం, పేజీ నంబరు మాత్రమే ఉంచి ఇవ్వండి. పెన్‌డ్రైవు ఎవరిదైనా ఫరవాలేదు.